ఓడిపోవడంలో మొనగాడు

మా పెదనాన్నకి పందేలు కాయడం అలవాటు. ఆ అలవాటు చాలామందికి ఉంటుంది. కాసిన ప్రతి పందెమూ ఓడిపోయే అలవాటు మాత్రం, నాకు తెలిసినంతలో, ఆయనొక్కడికే ఉంది. నాకు ఊహ తెలిసిన నాటి నుంచి ఆయన ఒక్కటంటే ఒక్క పందెం గెలవగా చూడలేదు. ఊళ్ళో అందరూ ఆయన్ని పందెం పెద్దాయన అనేవారు. సాయంత్రం ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే మా పెద్దమ్మ, "ఓడిపోయి వచ్చారా, కాళ్ళు కడుక్కోండి" అనేది.

ఆ పందేల్లో డబ్బు మాట ఉండేది కాదు. నియమం ఒక్కటే. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళు చెప్పిన పని చేయాలి. ఎప్పుడూ ఓడేది ఆయనే కాబట్టి ఎప్పుడు చూసినా ఆయన ఎవరో ఒకరి ఇంట్లో పనిలో ఉండేవాడు. ఆయన్ని వెతుక్కుంటూ ఎవరైనా వస్తే, నిన్న ఎవరి చేతిలో ఓడారో వాళ్ళింట్లో చూడమని పెద్దమ్మ చెప్పి పంపేది.

ఓడే తీరైనా కాస్త గౌరవంగా ఉండేదా అంటే అదీ లేదు. ఇద్దరు ఆడపిల్లల్ని కుట్టుమిషను మీద పెంచుకొస్తున్న దర్జీ ఆవిడ ఇంటికి ఒకసారి బటన్ కుట్టించుకోవడానికి వెళ్ళాడు. బయట వాన మొదలైంది. "ఈ ఇంటి కప్పు కారదు, కావాలంటే పందెం" అన్నాడట. అంటూండగానే ఒక చుక్క వచ్చి సరిగ్గా ఆయన ముక్కు మీద పడింది. అది కప్పు లోంచి పడింది కాదని ఆయన కాసేపు వాదించాడు. రెండో చుక్క నోట్లో పడ్డాక ఒప్పుకున్నాడు. మర్నాడు పొద్దున్నే నిచ్చెన వేసుకుని పైకెక్కి, పగిలిన పెంకులన్నీ తీసి కొత్తవి పరిచి దిగాడు. దర్జీ ఆవిడ ఎంతో గర్వంగా, పెద్దాయన్ని తాను ఎలా ఓడించిందో వారం రోజులు అందరికీ చెప్పుకుంది.

పోస్ట్‌మాన్ ఇంట్లో అయితే మరీ అన్యాయం. నడుం నొప్పితో ఆయన మంచం మీద ఉన్నాడు. మా పెదనాన్న పలకరించడానికి వెళ్ళి, ఇవాళ బుధవారం అన్నాడు. గురువారం అని పోస్ట్‌మాన్ అన్నాడు. పెదనాన్న పందెం కాశాడు. క్యాలెండరు ఆయన తల వెనకే గోడకి వేలాడుతోంది. తల తిప్పి చూస్తే సరిపోయేది. తిప్పలేదు. ఆ దెబ్బకి మూడు రోజులు పోస్ట్‌మాన్ ఇంటి ముందు కూలిపోయిన మెట్లు కడుతూ గడిపాడు.

నేను బడిలో లెక్కలు చెబుతాను. అందుకని ఈ వ్యవహారం నన్ను కుదురుగా ఉండనిచ్చేది కాదు. కళ్ళు మూసుకుని పందెం కాసినా మనిషి సగం సార్లు గెలవాలి. లెక్క అలా చెబుతుంది. ఎంత దురదృష్టవంతుడైనా నాలుగింట ఒకటి గెలవాలి. ఒక ఆదివారం ఈయన సంగతేదో తేల్చేద్దామని రూపాయి బిళ్ళ పట్టుకుని కూర్చున్నాను. బొమ్మా, బొరుసా అని అడిగాను. ఆయన ఆ బిళ్ళని అటూ ఇటూ తిప్పి శ్రద్ధగా చూసి, "నిలబడుతుంది" అన్నాడు.

నిలబడలేదు. అప్పటికి మా నాన్న జ్వరంతో పడి పది రోజులైంది. పెరట్లో దుంగలు దుంగలుగానే పడి ఉన్నాయి, పొయ్యిలోకి కట్టెల్లేవు. ఓడిపోయాడు కదా అని కట్టెలు కొట్టమన్నాను. సాయంత్రానికి నెలకి సరిపడా కొట్టి పేర్చి వెళ్ళాడు. ఒక మనిషి బొమ్మా బొరుసూ రెండూ వదిలేసి ఓటమిని ఎంచుకుంటే దాని అర్థం ఏమిటో నాకు ఆ రోజు తట్టలేదు. పిల్లలకి కూడికలు నేర్పుతాను గానీ, నాకే సరిగ్గా వచ్చినట్టు లేవు.

ఊళ్ళో ఆయనతో పందెం కాయని మనిషి ఒక్కరే ఉండేవారు. నర్సమ్మగారు. ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రిలో పనిచేసి, ఊరి చివర మెరక మీద ఒక ఇల్లు, ఎకరం చేను, ఒక ఆవు పెట్టుకుని ఒంటరిగా ఉండేవారు. ఊళ్ళో సగం మంది పుట్టినప్పుడు మొదట పట్టుకున్నది ఆవిడ చేతులే. అందరికీ చేసేవారు, ఎవరి చేతా ఏమీ చేయించుకునేవారు కాదు. వాకిట్లో బిందె కాస్త లోపల పెట్టనా అన్నా, నాకు చేతులున్నాయి అనేవారు.

ఆ చేతుల్లో కుడిది, సరిగ్గా మొక్కజొన్న కోతకొచ్చిన రోజుల్లో, పాకలో కాలు జారి మణికట్టు దగ్గర విరిగింది. కట్టు కట్టి ఆరు వారాలు కదపొద్దన్నారు. కండెలు చేలో ఎండి నిలబడి ఉన్నాయి. ఆకాశం చూస్తే నాలుగైదు రోజుల్లో పెద్ద వాన తప్పదని తెలిసిపోతోంది. తడిస్తే బూజు పట్టి ఏడాది పంట పనికిరాకుండా పోతుంది. వడ్రంగీ ఆయన భార్యా కొడవళ్ళు పట్టుకుని వెళితే, మంచినీళ్ళిచ్చి, క్షేమ సమాచారాలు అడిగి, తిప్పి పంపేశారు. దర్జీ ఆవిడ వెళ్ళినా అంతే. ఆవిడ మాత్రం ఎడం చేత్తో ఒక్కో కండె విరుస్తూ, పొద్దుటి నుంచి మధ్యాహ్నానికి ఒక గంప నింపారు.

పెదనాన్న మూడు రోజులు వరసగా మెరక ఎక్కాడు. మొదటి రోజు, మీ ఆవుకి మూడు కొమ్ములున్నాయని పందెం అన్నాడు. ఆవిడ ఆవు వైపైనా చూడలేదు. రెండో రోజు, విరిగిన ఎముక పది రోజుల్లో అతుక్కుంటుందన్నాడు. ముప్ఫై ఏళ్ళ నర్సు ముందు ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలి! ఆవిడ పళ్ళు బిగబట్టి ఊరుకున్నారు. మూడో రోజు నేనూ వెంట వెళ్ళాను, ఈసారి ఏమంటాడో చూద్దామని. మెరక కింద నుంచి ఆయన ఉన్నట్టుండి పరుగు లంకించుకున్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి పంచె ఎగ్గట్టి పరిగెడుతుంటే వెనకాల నాకే ఆయాసం వచ్చింది.

వాకిట్లో నిలబడి రొప్పుతూ, ఈ రక్తపోటు అనేదంతా ఒట్టి బూటకమని మొదలుపెట్టాడు. తనది నూట ఇరవై మీద ఒక్క గీత ఉండదట. ఉంటే ఆవిడ ఏ పని చెబితే ఆ పని చేస్తాడట. నర్సమ్మగారు ఎర్రగా కందిపోయిన ఆయన మొహం కేసి కాస్త ఎక్కువసేపు చూశారు.

"సరే, పందెం" అన్నారు.

నేను నా చెవులు నమ్మలేదు. ఆవిడ లోపలి నుంచి మిషను తెచ్చారు. ఒక చెయ్యి కట్టులో ఉంది కాబట్టి నన్ను పట్టీ చుట్టి గాలి కొట్టమన్నారు. నూట తొంభై. పెదనాన్న మొహంలో ఆనందం దాగలేదు. చేలోకి దిగడానికి చొక్కా చేతులు కూడా మడవబోయాడు. ఆవిడ కూర్చోమన్నారు. పావుగంట అయ్యాక మళ్ళీ కొట్టించారు. ఈసారి నూట డెబ్బై ఎనిమిది.

"పరుగెత్తి వచ్చినందుకు ఒక పది, పదిహేను. మిగతాది మీదే" అన్నారు ఆవిడ. "ఎన్నాళ్ళ నుంచి తల తిరుగుతోంది?"

ఆయన నేల చూపులు చూశాడు. అప్పుడప్పుడూ అన్నాడు. నిచ్చెన మీద ఉన్నప్పుడు అన్నాడు.

"ఓడిపోయారుగా. నేను చెప్పే పని వినండి. ఇవాళే డాక్టరు దగ్గరికెళ్ళి మాత్రలు తెచ్చుకోవాలి. నెల రోజులు బరువెత్తకూడదు, ఎండలో వంగకూడదు, నిచ్చెన ఎక్కకూడదు. ఇదే పని."

"మరి మొక్కజొన్నో?"

"అది నా సంగతి."

తిరిగి వచ్చేటప్పుడు ఆయన తల వంచుకుని మెరక దిగాడు. పందెం ఓడినందుకు ఆయన బాధపడగా చూడటం నాకు అదే మొదటిసారి. మెరక కింద ఆగి ఆకాశం కేసి చూశాడు. తర్వాత, "అమ్మాయ్, మీ వంటింటికి వాసాలెన్ని?" అని అడిగాడు. పధ్నాలుగు అన్నాను. పదమూడు, పందెం అన్నాడు. పుట్టి పెరిగిన ఇల్లు, పైగా లెక్కలు నా చేతిలో పని. ఒప్పుకున్నాను. ఇంటికెళ్ళి తలెత్తి చూస్తే పదమూడే ఉన్నాయి. మూడుసార్లు లెక్కపెట్టినా పదమూడే.

"రేపు పొద్దున్నే గంప పట్టుకుని నర్సమ్మ చేలో ఉండాలి" అన్నాడు.

అక్కడి నుంచి ఆయన డాక్టరు దగ్గరికెళ్ళే దారిలో ఊరంతా ఊడ్చుకుంటూ పోయాడు. పోస్ట్‌మాన్‌ని మీ ఇంటికి మెట్లెన్ని అని అడిగాడు. తొమ్మిది అన్నాడు ఆ అమాయకుడు, రోజూ ఎక్కి దిగుతూ కూడా. అవి పది. దర్జీ ఆవిడ తలుపుకి కింది బందులో మేకులు నాలుగు కాదు, మూడు. వడ్రంగి అయితే తన ఇంటి దూలం తాను చెక్కిందే అయినా, దాని పొడవు తప్పు చెప్పి తల పట్టుకున్నాడు. ఏ ఇంట్లో ఏముందో ఇంటివాళ్ళకి తెలియదు, ఈయనకి తెలుసు. అందరిళ్ళలోనూ ఓడిపోయి పనిచేసినవాడు కదా. సాయంత్రానికి పదకొండు పందేలు గెలిచి, మాత్రల పొట్లంతో ఇంటికి వచ్చాడు. ఆ రోజు ఏమని పలకరించాలో తెలియక పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

మర్నాడు తెల్లవారేసరికి పదకొండు మందిమి గంపలతో మెరక మీద ఉన్నాం. నర్సమ్మగారు గేటుకి అడ్డంగా నిలబడ్డారు. ఎవరి సాయమూ అక్కర్లేదని ఆవిడ అనబోతుంటే వడ్రంగి రెండు చేతులూ జోడించాడు.

"సాయం చేయడానికి మేం రాలేదమ్మా. పందెం ఓడిపోయాం. పని చేయకపోతే ఆ పెద్దాయన ముందు తలెత్తుకోలేం."

ఆవిడ మా అందరి మొహాలూ ఒకటొకటిగా చూశారు. తర్వాత ఎడం చేత్తో గేటు తీశారు. పెదనాన్నకి గట్టు మీద నీడలో కుర్చీ వేయించి, అక్కడి నుంచి లేస్తే ఊరుకోనన్నారు. ఆయన కుర్చీలోంచి మా పనికి వంకలు పెడుతూ కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటేసరికి కండెలన్నీ ఇంట్లో చేరాయి. చివరి గంప గుమ్మం దాటిన అరగంటకి వాన దంచి కొట్టింది.

వాన వెలిశాక పెద్దమ్మని అడిగాను, ఇన్నాళ్ళూ కావాలనే ఓడిపోయాడా అని. ఆవిడ నన్ను జాలిగా చూసింది. "ఊరికే వచ్చి చేస్తానంటే ఎవరు రానిస్తారే? ఓడిపోయి వస్తే తలుపు బార్లా తీస్తారు. నీకు తెలియదా? నాకు పెళ్ళైన ఏడాదికే తెలుసు" అంది. లెక్కల టీచరుగా ఆ రోజు నా పరువు పూర్తిగా పోయింది.

ఆరు వారాలకి నర్సమ్మగారి కట్టు విప్పారు. ఆ మర్నాడు ఆవిడ మెరక దిగి, నడుచుకుంటూ పెదనాన్న ఇంటికి వచ్చారు. ముందు రక్తపోటు చూశారు. నూట ముప్ఫై ఐదు. మిషను సర్దుకుంటూ, పాక తలుపు ఊడిపోయిందనీ, వచ్చి బిగించి పెట్టమనీ అన్నారు.

పెదనాన్న మొహం వెలిగిపోయింది. "అయితే పందెం..." అని మొదలుపెట్టాడు.

"పందెం ఏమీ లేదు. ఊరికే అడుగుతున్నాను" అన్నారు ఆవిడ.

ఆయన ఎటు చూడాలో తెలియక నా వైపు చూశాడు. ఓడిపోకుండా ఒకరి ఇంటికి పనికెళ్ళడం ఎలాగో పాపం ఆయనకి తెలియదు. పెద్దమ్మే సుత్తి తెచ్చి చేతిలో పెట్టి, వీపు మీద చెయ్యి వేసి బయటికి నెట్టింది.

గంట తర్వాత వచ్చాడు. తలుపు ఏమైందని అడిగాను. బిగించానన్నాడు. పని అయ్యాక ఆవిడ కూర్చోబెట్టి టీ ఇచ్చిందన్నాడు. ఇంకా ఏదో అడగాలని ఉన్నట్టు సుత్తిని చేతులు మార్చుకుంటూ నిలబడ్డాడు.

"బాగానే ఉంది అమ్మాయ్" అన్నాడు చివరికి. "అలవాటవుతుందంటావా?"