కృష్ణ ఒడ్డున సొంతిల్లు

తెలంగాణ వచ్చిన మరుసటి వేసవిలో, ఓడల్లో పనిచేసిన వృద్ధులను ఆదుకునే సంఘం తరఫున కొల్లాపూర్ దగ్గర ఒక ముసలాయనను కలిశాను. ఒకప్పుడు ఓడలో వంటమనిషి. పింఛను కాగితంలో రాయడానికి సొంతిల్లు ఉందా అని అడిగితే కృష్ణ ఒడ్డుకు తీసుకెళ్లాడు. ఆయన సముద్రం మీద ఉండగానే ఊరు డ్యాము నీళ్లలో మునిగింది. ఇప్పుడు ఎండలకు నీళ్లు తగ్గి, బురదలో పునాదిరాళ్లు బయటపడ్డాయి.

ఒకచోట ఆయన తల వంచి అడుగేశాడు.

"లోపటికి రా బిడ్డా. దర్వాజ చిన్నగుంటది, తల పైలం."

అక్కడ గోడా లేదు, దర్వాజా లేదు. అయినా నేను తల వంచాను. అంత ఎండలోనూ లోపల చల్లగా తగిలింది. అప్పుడే ఆర్పిన పొయ్యి వాసన వచ్చింది.

"నీకు గూడ వాసనొస్తాందా?" అన్నాడు మెల్లగా.

తలూపాను.

సొంతిల్లు లేదని రాసిచ్చాను, పింఛను మంజూరైంది. ఆ ముక్క రాసేటప్పుడు మాత్రం అబద్ధం రాస్తున్నట్టే అనిపించింది.