పుండు పక్కన టేపు

నా ఫోన్‌లో నేను తీసిన మొదటి ఫొటో చీముది. 2018 జూలై మూడు, మంగళవారం, పొద్దున ఏడుంపావు. మా ఆయన ఎడమకాలి చిటికెన వేలి కింద పుండు, దాని పక్కన నా కుట్టుపని టేపు, టేపు పక్కన తారీఖు రాసిన చీటీ. ఆ తర్వాత నెల రోజుల్లో అలాంటివి ఇంకా తొమ్మిది తీశాను. నా ఈడు ఆడవాళ్ళ ఫోన్లలో దేవుళ్ళు, పెళ్ళిళ్ళు, పసిపిల్లల బోసినవ్వులు ఉంటాయి. నా దాంట్లో పుండు ఉంది.

అంతకుముందు ఫోన్ కెమెరా అంటేనే నాకు రోత. ఆ ఏళ్ళలో ఇబ్రహీంపట్నం చుట్టూ ఉన్న మెట్ట చెలకలన్నీ ప్లాట్లయ్యాయి. ఆదివారం వస్తే పట్నం నుంచి కార్లలో జనం దిగి, రంగు వేసిన హద్దురాయి మీద కాలు పెట్టి ఫొటో దిగేవాళ్ళు. సాగర్ రోడ్డు మీద బండి పడితే, పడ్డవాణ్ణి లేపకముందే నాలుగు ఫోన్లు లేచేవి. చావింట్లో శవం మొహం మీది గుడ్డ తీయించి మరీ ఫొటో తీసినవాణ్ణి కళ్ళారా చూశాను. అలాంటి వస్తువు నా చేతిలోకి వస్తుందని నేను అనుకోలేదు.

మా ఆయనకు పుండు వచ్చింది కూడా ఫొటో మూలంగానే. ఆయన మంచాల తోవలో ఒక వెంచర్‌కు వాచ్‌మన్. అప్పుడు ఆయనకు అరవై ఎనిమిదేళ్ళు, షుగర్ వచ్చి పద్నాలుగేళ్ళు. జూన్ పదిహేడు, ఆదివారం నాడు వెంచర్ ఓపెనింగ్ అని ఆయనకు ఖాకీ బట్టలు, నల్ల బూట్లు ఇచ్చారు. వచ్చినవాళ్ళ ఫొటోల్లో గేటు దగ్గర వాచ్‌మన్ నీటుగా కనబడాలట. ఆయన కాలు తొమ్మిది నంబరు, బూట్లు ఎనిమిది. పొద్దున తొమ్మిదింటి నుంచి మూడింటి దాకా, ఆరు గంటలు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. షుగర్ కాలికి నొప్పి తెలియదు. ఇంటికొచ్చి బూటు విప్పితే మేజోడు తడిగా ఉంది. చెమట అనుకున్నాడు. నేను వాసన చూశాను. చెమట కాదు.

ఊళ్ళో పన్నెండు రోజులు కట్టు కట్టించి, పదమూడో రోజు, జూన్ ముప్పై శనివారం నాడు పట్నంలో కాళ్ళు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ముప్పై ఏళ్ళ పిల్ల. ముక్కు మూసుకోలేదు, మొహం తిప్పుకోలేదు. ఆ ఒక్కదానికే నాకు నచ్చింది. మందు రాసిచ్చి ఇలా చెప్పింది:

"అమ్మా, ఇంత దూరం తాతను ఊకె బస్సుల తిప్పకు. రెండు వారాలకోసారి రండి. నడుమల మంగళారం, శుక్రారం పుండు కడిగి, మందు పుయ్యకముందు ఫొటో తీసి నాకు పంపు. పక్కన ఏదన్న కొలత పెట్టు. అంచు నల్లబడ్తున్నదా అన్నదే నాకు ముఖ్యం. నల్లబడితె అదే రోజు రావాలె, ఆగద్దు."

"నల్లబడితె ఏం చేస్తరు?" అని ఆయన అడిగాడు.

"ఏలు తీసేస్తం తాతా. లేకుంటె కాలు పోతది."

ఆయన బస్సులో ఇబ్రహీంపట్నం వచ్చేదాకా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఫొటో తీయడం నాకు పక్క పోర్షన్‌లో ఉండే ఆవిడ నేర్పింది. వాళ్ళది గోదావరి వైపు. ఇక్కడికి వచ్చి అయిదేళ్ళు. ఏ కూర వండినా ముందు ఫోన్‌కు పెట్టి, తర్వాతే మొగుడికి పెట్టేది. నాకు కుడికంట్లో శుక్లం, ఎడమది కూడా మసకే. చిన్నవి కనబడవు. ఫొటో తీసి రెండు వేళ్ళతో సాగదీస్తే పెద్దదవుతుందని చెప్పింది ఆవిడే. నేను ఒప్పుకోవాల్సిందే, అది పనికొచ్చే విద్య. మందుబిళ్ళల అట్ట వెనకాల చీమల్లాంటి అక్షరాల్లో ఉండే గడువు తారీఖు, కరెంటు మీటరులో అంకెలు, గ్యాస్ బండ మెడ మీద కొట్టిన ముద్ర, బస్టాండులో ఎత్తున కట్టిన టైముల బోర్డు, ఇవన్నీ అప్పటిదాకా ఎవరినో బతిమాలి చదివించుకునేదాన్ని. ఫొటో తీసి, సాగదీసి, నేనే చదువుకోవడం మొదలుపెట్టాను. ఆ అట్టల్లో ఒకటి గడువు దాటి మూడు నెలలైందని అప్పుడే తెలిసింది. ఊళ్ళో ఇచ్చిన మందు అది. ఇచ్చిన చోటే తిరిగి బల్ల మీద పెట్టి వచ్చాను.

ఒకరోజు నా ఫోన్ ఆవిడ చేతికిచ్చాను, ఏదో సరిచేస్తుందని. రెండు ఫొటోలు దాటేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యబాబోయ్, పిన్నిగారూ! ఇవేం ఫొటోలండీ! ఇప్పుడే చేపల పులుసు తిని వచ్చానండీ."

"నీ ఫోన్ల చేపల కండ్లు చూస్తె నాకు సుత గట్లనే అయితది బిడ్డా. నేనేమన్న అంటున్ననా?"

"చేపలూ, ఇదీ ఒకటేనాండీ?"

"నీది తిన్నంక పోతది. మాది పోతలేదు."

నవ్వింది గాని, ఆ తర్వాత నా ఫోన్ ముట్టుకోమంటే రెండు వేళ్ళతో అంచు పట్టుకునేది.

మంగళవారం, శుక్రవారం మా ఇంట్లో గడపకు పసుపు పూసే రోజులు. పొద్దున్నే ఇత్తడి గిన్నెలో పసుపు తడిపి, గడపకు పూసి, బొట్లు పెడతాను. అప్పటికి నలభై ఆరేళ్ళుగా తప్పలేదు. డాక్టరమ్మ చెప్పిన రోజులు కూడా అవే కావడంతో రెండు పనులూ ఒక వరసలో పెట్టుకున్నాను. ముందు ఆయన్ను గడప పక్కన కూర్చోబెట్టి, కాలు పీట మీద పెట్టించి, కట్టు విప్పి, ఉప్పునీళ్ళ మందుతో కడిగేదాన్ని. నా కళ్ళకు పుండు ఒక మసక మచ్చే, అంచు రంగు తెలియదు; అది చూడాల్సింది డాక్టరమ్మ. కాలు ఆరేలోపు గడపకు పసుపు పూసేదాన్ని. చేతులు కడుక్కుని, వంటింట్లో చార్జింగ్‌లో ఉన్న ఫోన్, టేపు, చీటీ తెచ్చి ఫొటో తీసేదాన్ని. వాసనకు శ్వాస బిగబట్టి తీసేదాన్ని. కట్టు గుడ్డకు అంటుకుని వచ్చే తోలు చూశాక టిఫిన్ సహించేది కాదు. ఫొటో పంపిన తర్వాతే కాఫీ.

టేపు అబద్ధం చెప్పదు. జూలై మూడున పుండు అడ్డం ఒకటింపావు ఇంచు. పదిన ఒక ఇంచు. పద్నాలుగున పట్నం పోతే డాక్టరమ్మ చూసి బాగుందంది. ఇరవైన ముప్పావు ఇంచు. ఇరవై నాలుగున అర ఇంచుకు కొంచెం పైన. అది చూసి డాక్టరమ్మ రాసింది: "మంచిగ తగ్గుతున్నది. ఇరవై ఎనిమిదిన రాకున్నా సరే, ఆగస్టు పదకొండున రండి. మందు పూసినంక ఫొటో తీస్తున్నట్టున్నరు. పుయ్యకముందు తియ్యండి."

ఆ చివరి మాట నాకు మండింది. మందు పూయకముందే తీస్తున్నాను అని రాసి పంపాను. జవాబు రాలేదు. ఆ మందు కూడా లేత పసుపురంగే కాబట్టి, నిన్నటిది కడిగినా కొంచెం మిగిలిందేమో అనుకున్నాను. కడగడంలో నేను మిగల్చను. అయినా అలా అనుకున్నాను. నా తప్పు అక్కడ ఉంది.

ఆగస్టు మూడు, శుక్రవారం. పదో ఫొటో పంపి, కట్టు కోసం గుడ్డ కత్తిరిస్తున్నాను. నలభై ఏళ్ళు జాకెట్లు కుట్టినదాన్ని, గుడ్డను ఎంత కావాలో అంతే కత్తిరిస్తాను. మొదట్లో రెండించుల ముక్క సరిపోయేది. జూలై ఇరవై తర్వాత చీము పక్కలకు వస్తోందని రెండున్నర చేశాను. తర్వాత మూడు. ఆ రోజు మూడున్నర దగ్గర కత్తెర పెట్టి ఆగిపోయాను. ఒంటి కొలత తగ్గుతుంటే గుడ్డ ఎక్కువ పట్టడం నా కుట్టుపనిలో ఎన్నడూ లేదు. ఒకటి తప్పు. గుడ్డ తప్పు కాదు.

కత్తెర పక్కన పెట్టి, ఫోన్ తెరిచి, పది ఫొటోలూ తారీఖు వరసలో ఒక్కొక్కటి సాగదీసి చూశాను. మొదటి అయిదింటిలో పుండు అంచు ఎర్రగా ఉంది. ఆరోది జూలై ఇరవైది. దాంట్లో అంచు చుట్టూ పసుపు. ఏడు, ఎనిమిది, తొమ్మిదిలో ఆ పసుపు లోపలికి వచ్చింది. అందుకే పుండు చిన్నదైనట్టు టేపు చెప్పింది. పదోది ఇంకా సాగదీశాను. తడి పసుపు మీద గీతలు గీతలుగా వేలిముద్ర ఉంది. కింద, పసుపు పగిలినచోట, నలుపు.

ఫోన్ పట్టుకుని గడప దగ్గరికి పోయాను.

ఆయన ఇంకా పీట మీద కాలు పెట్టుకునే కూర్చున్నాడు. ఫోన్ మొహానికి పెట్టాను.

"ఇదేంది?"

"పుండు."

"పుండు నాకు తెల్వదా? గీ పసుపేంది?"

"మందే గావచ్చు."

"మందుకు ఏలిముద్రలుంటయా?"

ఆయన కుడిచేయి చూపుడువేలు మడిచి పెట్టుకున్నాడు. చేయి లాగి చూశాను. గోరు కింద పసుపు. నేను గడపకు పూసి, ఫోన్ కోసం లోపలికి పోయినప్పుడల్లా గిన్నెలో వేలు ముంచుకున్నాడు.

"ఎన్ని దినాల సంది?"

"నువ్వే లెక్కపెట్టినవ్ గద."

"అయిదు ఫొటోలు. పదిహేను రోజులు. ఆమె ఆ రోజే రమ్మన్నది. ఏం సోచాయించినవ్ నువ్వు?"

"నల్లబడితెనే తీస్తమన్నది. నల్లగ కనవడకుంటె తియ్యరు గద." ఒక చిన్న రూలు చెప్పినట్టు చెప్పాడు. "పసుపు మంచిదేనాయె. పుండుకు పసుపు పెట్టనోడెవడు? లోపట మానుతదనుకున్న. ఏలు లేకుంటె వెంచర్ల ఉంచుకుంటరా నన్ను? నడుస్తెనే జీతం."

"ఫొటోను మోసం చేసినవ్, సరే. కాలుకు తెల్వదా?"

"కాలుకేం తెల్వదనే గద బాధ," అన్నాడు.

ఇంకో రోజైతే ఆ మాటకు నేను మెత్తబడేదాన్నేమో. ఆ రోజు గిన్నె, పీట, ఆయన వేలు, అన్నీ చూసి అసహ్యం వేసింది. అంతకంటే ఎక్కువగా, పది చీటీలు రాసి, పది సార్లు టేపు పెట్టి, ఆ టేపు పసుపును కొలుస్తోందని తెలుసుకోలేకపోయిన నన్ను చూసుకుని వేసింది. పసుపంతా కడిగేశాను. తిరిగి టేపు పెట్టాను. రెండుంపావు ఇంచులు, అంచంతా బొగ్గు. ఆ ఫొటో పంపాను. మూడు నిమిషాలకు డాక్టరమ్మే ఫోన్ చేసింది.

ఆటో మాట్లాడుకుని పోయాం. తోవ వెడల్పు చేస్తున్నారని దుమ్ము, ఎక్కడికక్కడ ఆగడం. రెండు గంటల పది నిమిషాలు పట్టింది. డాక్టరమ్మ పాత ఫొటోలు ముందు పెట్టుకుని అడిగింది.

"పసుపు ఎవరు పూసిన్రు?"

ఆయన నా వైపు చూశాడు. తప్పు నేను నా మీద వేసుకుంటానని ఆశ పడ్డాడని తెలుసు. నర్సులు ఇద్దరు ఉన్నారు, వాళ్ళ ముందు పరువు.

"ఆయనే పూసుకున్నడు," అన్నాను. "నల్లగ కనవడకుంటె ఏలు తియ్యరని. జూలై ఇరవై నుంచి."

నర్సుల్లో ఒకామె నవ్వు ఆపుకుంది. డాక్టరమ్మ నవ్వలేదు.

"ఇరవైన వస్తె చిటికెన ఏలు కొసతోని పోయేది తాతా. ఇప్పుడు రెండు వేళ్ళు తియ్యాలె. కాలు దక్కితె మన అదృష్టం."

మర్నాడు పొద్దున తీశారు. కాలు దక్కింది. దవాఖానలో తొమ్మిది రోజులున్నాం. అందులో నాలుగు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. నీళ్ళు కావాలంటే నర్సును అడిగాడు. నేనూ పలకరించలేదు. అయిదో రోజు నా చేతిలో గ్లాసు తీసుకుని తాగాడు, అంతే.

ఇంటికి వచ్చాక మొదటి శుక్రవారం, ఆగస్టు పదిహేడు. ఆ రోజు గడప పని తర్వాతకు పెట్టుకుని ముందే కట్టు విప్పాను. కుట్లు పదకొండు. వేళ్ళు లేని చోట కాలు ఒక పక్క కోసిన గుమ్మడిలా ఉంది. ఫోన్ పట్టుకుని వంగాను.

"ఆగు," అన్నాడు. "కడగకముందు ఒకటి తియ్యి, కడిగినంక ఒకటి తియ్యి."

తీశాను.

"గీ కొసకు చూడు. మూడో కుట్టు కాడ. నల్లగున్నది." వంగి, తగలకుండా, వేలితో చూపించాడు. "నీ కండ్లకు ఆనది. పెద్దగ చేసి చూడు."

పెద్దగా చేసి చూశాను. నువ్వుగింజంత ఉంది. ఆయన వేలితో సహా తీసి పంపాను. ఇద్దరం ఫోన్ వైపు చూస్తూ కూర్చున్నాం. పదకొండు నిమిషాలకు జవాబు వచ్చింది.

"ఏమన్నదే?"

"రక్తం ఎండి పక్కు కట్టిందట. భయం లేదన్నది."

ఆయన కాలు ఇంకో పక్కకు తిప్పాడు.

"కింద నుంచి సుత ఒకటి తీసి పంపు. అటు నాకు కనవడదు."

ఆ ఒక్క రోజే ఆరు ఫొటోలయ్యాయి. కాఫీ చల్లారిపోయింది. తాగబుద్ధి కాక పారబోశాను.