వెనక్కి జరిగిన దుర్బిన్

మా మేస్త్రి పోయాడని మొన్న జగిత్యాల నుంచి ఆయన కొడుకు ఫోన్ చేశాడు. "పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండు కాకా" అన్నాడు. సౌదీలోని ఖతీఫ్‌లో ఒకే షెడ్డులో ఆరేళ్లు పనిచేశాం. నేను చేపల పడవల ఇంజిన్లు బాగుచేసేవాణ్ని, ఆయన వేట తుపాకులకు దుర్బిన్లు బిగించేవాడు. ఫోన్ కార్డులు గీకి ఇంటికి మాట్లాడుకునే రోజులవి.

పొడుగాటి దుర్బిన్ కొనుక్కొచ్చినవాణ్ని చూస్తే ఆయనకు ఒళ్లు మండేది. "పిట్టను కొడ్తవా, చంద్రుణ్ని కొడ్తవా?" అని తెలుగులో తిట్టి, హిందీలో మర్యాదగా చిన్నది చూపించేవాడు. బిగించే ముందు మనిషిని కళ్లు మూసుకుని తుపాకి భుజానికి ఎత్తమనేవాడు. కళ్లు తెరవగానే అద్దం నిండా వెలుగు కనిపిస్తే దుర్బిన్‌కు అదే చోటు. మెడ పొడుగును బట్టి ఒక్కొక్కరికి ఒక్కో చోటు. మరలు బిగించాక వాటి మీదుగా గోళ్ల రంగుతో సన్నని గీత పెట్టేవాడు. మర కదిలితే గీత విరుగుతుంది. ఆ ఎర్ర సీసా చూసి "ఎవరికి మేస్త్రీ?" అని ఏడిపిస్తే, "నీ వదినెకే, పంపుతవా?" అనేవాడు.

ఒకసారి మాకు వీసాలిచ్చిన యజమాని, మా కఫీల్ అన్నకొడుకు, చనిపోయిన తన తండ్రి తుపాకి తెచ్చాడు. పాత దుర్బిన్ పగిలింది, కొత్తది కావాలి, గురువారం వేటకు పోవాలి. తండ్రి పొట్టి, కొడుకు ఆజానుబాహువు; మెడ పొడుగైతే కన్ను ముందుకొస్తుంది. మేస్త్రి కొత్త దుర్బిన్‌ను ఆ కుర్రాడి కొలతకు ముందుకు జరిపి బిగించాడు. బీరువాకు తాళం వేసింది నేనే. తెల్లారి తీస్తే దుర్బిన్ రెండు వేళ్లు వెనక్కి, పాత దుర్బిన్ మచ్చలున్న తండ్రి కొలతకు జరిగి ఉంది. గీత ఒక్కటీ విరగలేదు.

మళ్లీ బిగించాడు. మళ్లీ జరిగింది. అలాగే పేలిస్తే తుపాకి వెనక్కి తన్ని, దుర్బిన్ అంచు కుర్రాడి కంటికి తగులుతుంది. మేస్త్రి దాన్ని ఊడదీసి బల్ల మీద పెట్టేశాడు.

"నేను బిగియ్య. ఇంకొకల చెయ్యి పడనియ్య. పిల్లగాని కన్ను పోతది."

కఫీల్ మండిపడ్డాడు. పని చేతగాక, చనిపోయిన మా అన్న మీద కథలు అల్లుతావా, ఎగ్జిట్ కొట్టి నిన్ను ఇంటికి పంపించేస్తా అన్నాడు. నా వైపు తిరిగి, తాళం నీ దగ్గరేగా, నువ్వేం చూశావని అడిగాడు.

"మాలూమ్ నహీ" అన్నాను తల దించుకుని. మేస్త్రి ఎర్ర సీసా మూత బిగించి జేబులో వేసుకున్నాడు.

కుర్రాడు దుర్బిన్ లేకుండానే వేటకు వెళ్లాడు. వారంలో మేస్త్రి పాస్‌పోర్టు మీద ముద్ర పడింది. ఊరు చేరాక ఫోన్‌లో ఆయన అడిగిన మొదటి మాట, "పిల్లగాని కండ్లు మంచిగున్నయా?"

"మంచిగున్నయే."

"ఇగ సాలు తమ్మీ" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆయనకు చెప్పలేకపోయింది ఒకటుంది. ఆ గీతలు నా కళ్లతో చూసి కూడా, మేస్త్రే సరిగ్గా బిగించలేదేమోనని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అలా అనుకుంటేనే నిద్రపట్టేది. వేట ముగిశాక ఆ తుపాకిని తుడిచి పెట్టమని కుర్రాడు నాకిచ్చాడు. రెండు రోజులుగా ఏసీ గదిలో ఉన్న తుపాకి. ఇనుమంతా చల్లగా ఉంది. గుడ్డతో చెక్క మీదికి వచ్చాను. దవడ ఆనించే చోట, అరచేయంత మేర, ఎవరో అప్పుడే ముఖం ఎత్తినట్టు వెచ్చగా ఉంది.