యాదగిరికి ఊపిరి గుర్తుచేసే డ్యూటీ

2018 జూలై, మంగళవారం, పంజగుట్ట. హాజరు: నరాల డాక్టరు గారు, నిద్ర పరీక్షల గది టెక్నీషియన్‌గా నేను, రోగి యాదగిరి, అతని తల్లి పోచమ్మ, భార్య సుజాత.

యాదగిరిది బోరబండ. మైత్రీవనంలో రాత్రి కాపలా కాస్తాడు కనుక పరీక్ష పగలే పెట్టాం. పుట్టుకతోనే అతని చిన్నమెదడు అడుగుభాగం పుర్రె రంధ్రం గుండా మెడలోకి దిగి ఉంది. అలాంటివారిలో కొందరికి నిద్రలో ఊపిరి పీల్చమనే ఆజ్ఞ మెదడు నుంచి రాదు. అది తేలితే యంత్రం, ఆపైన ఆపరేషన్. తేలకపోతే ఇంటికి పంపేస్తాం. ఆ తర్వాత ఏ నిద్రలోనైనా ప్రాణం పోవచ్చు.

యాదగిరి నిద్రపోయాక, పక్క గదిలో మా తెర మీద అతని ఊపిరి గీత ఆగేది, ఏడెనిమిది సెకన్లకు మళ్లీ కదిలేది. మా నిబంధనలో పది సెకన్లు ఆగితేనే లెక్క. లెక్కకు ఒక్కటీ రాలేదు.

"నార్మల్ అని రాసేద్దామా?" అన్నారు డాక్టరు గారు.

అతని మంచం వైపున్న కెమెరాను కాస్త పక్కకు తిప్పాను. పోచమ్మ మడిచిన గొడుగుతో కొడుకును పక్కటెముకల కింద పొడుస్తోంది. కాసేపటికి గొడుగు కోడలి చేతికిచ్చి కునుకు తీసింది.

లోపలికి వెళ్లి అడిగాం.

"పొడవకుంటే వాడు ఊపిరి మర్చిపోతడు సారూ. చిన్నప్పటి సంది గంతే," అంది పోచమ్మ.

"పెండ్లయిన తెల్లారే అత్తమ్మ నాకు సుత నేర్పింది," అంది సుజాత.

"మరి చెప్పలేదేంటమ్మా?"

"వాడు ఎట్ల పండుతడని అడిగిండ్రు. మేమేం చేస్తమని అడిగిండ్రా?"

బయట కూర్చోమంటే పోచమ్మ కదల్లేదు. "మేం పోతే ఎవరు పొడుస్తరు? నువ్వా? ఏదీ, చూపియ్యి."

వేరే దారి లేక డాక్టరు గారు పక్క మంచం మీద బూట్లతోనే పడుకున్నారు. నేను పొడిచాను.

"పొడుస్తున్నవా, నిమురుతున్నవా? జర గట్టిగ!"

మూడోసారికి డాక్టరు గారు "అబ్బా" అన్నారు. నేను పాసయ్యాను.

వాళ్లు బయటికి వెళ్లాక మొదటిసారే ఊపిరి ఇరవై సెకన్లు దాటి ఆగింది, నేను పొడిచాకే మళ్లీ కదిలింది. ఆగినంతసేపూ ఛాతీకి కట్టిన పట్టీ కూడా కదల్లేదు. అంటే గొంతులో అడ్డంకి కాదు, ఆజ్ఞే రాలేదు. అలాంటివి చాలినన్ని నమోదయ్యాక, ఆగిన చోట తానే ఊపిరి అందించే యంత్రం పెట్టి, ఆ రాత్రికి వార్డులో చేర్చాం. ఆపరేషన్ చేసే సర్జన్‌కు కబురు పంపాం.

మరునాడు ఉదయం వెళ్లేసరికి యాదగిరి లేచి కూర్చున్నాడు. అత్తాకోడళ్లు నేల మీద ఆదమరిచి నిద్రపోతున్నారు.

"లేపకు సార్," అన్నాడు మెల్లగా. "ఇద్దరూ ఒక్కసారే పండుకోంగ ఇయ్యాలనే చూస్తున్న."

రోగి గురించి అడిగితే సరిపోదు, పక్కనున్నవాళ్లు ఏం చేస్తున్నారో కూడా అడగాలి. రిటైరయ్యేదాకా ప్రతి పరీక్షకూ ముందు ఆ ప్రశ్న అడిగాను.