బేరానికి రాని పడవలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఎర్లాంగెన్‌లో మాస్టర్స్ రెండో సెమిస్టర్, ఒక పాత సైకిలు, జర్మనీ మనుషుల గురించి గట్టి అభిప్రాయాలు (ఆరు నెలల్లో ఏర్పడ్డవి). శనివారాలు ఊరి బయట కాలువ మీదున్న చిన్న పడవల రేవులో పని చేసేవాణ్ణి. ఇరవై రెండు క్రూజర్లు ఉండేవి, అంటే లోపల ఇద్దరు పడుకునే గది, బుల్లి పొయ్యి ఉన్న పడవలు. వాటిని కడగడం, చెక్కవంతెన మీద నాచు గీకడం నా ఉద్యోగం. రేవు ఓమాది. ఓమా అంటే నాయనమ్మ. డెబ్బై దాటిన ఆవిణ్ణి పడవలవాళ్లంతా అలాగే పిలిచేవారు, నేనూ అంతే. మామగారి కాలం నాటి రేవును భర్త పోయాక ఒక్కతే నడుపుకొస్తోంది. మధ్యాహ్నం నాకు బంగాళాదుంపల సూపు పోసి, అందులో నేను మిరప్పొడి చల్లుకుంటుంటే జాలిగా చూసేది.

ఆ అక్టోబరులో రేవు స్థలానికి లీజు పెరిగింది. పడవ కట్టుకోవడానికి ఏడాదికి తొమ్మిది వందల యూరోలు తీసుకునేది ఓమా, ఎనిమిదేళ్లుగా అదే రేటు. ఇక పదకొండు వందలు తీసుకోకపోతే లీజు కట్టలేదు. కట్టలేకపోతే, కొనేస్తామని చాలాకాలంగా వెంటపడుతున్న ఒక కంపెనీ చేతికి రేవు పోతుంది. అందరికీ ఉత్తరాలు టైప్ చేసిపెట్టమని నన్నడిగింది. అదిగో, అక్కడ నా తెలివి నిద్ర లేచింది. పదకొండు వందలు కావాలంటే పదకొండు వందలనే రాస్తారా ఎవరైనా? హైదరాబాద్ కోఠి బజార్లో మా అమ్మ వెనకాల సంచి మోసుకుంటూ పెరిగినవాణ్ణి. పద్నాలుగు వందలని రాద్దాం, వాళ్లొచ్చి మొత్తుకుంటారు, మనం కాస్త బెట్టు చేసి పదకొండు వందలకు దిగుదాం, మనకు కావలసింది మనకొస్తుంది, తగ్గించామన్న తృప్తి వాళ్లకుంటుంది అని వివరించాను. వాళ్లు అడుగుతారా అంది ఓమా అనుమానంగా. అడగని మనిషి భూమ్మీద ఉండడని హామీ ఇచ్చాను. ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రాడు చెబుతున్నాడు కదా అని సంతకాలు పెట్టేసింది పాపం.

తర్వాతి శనివారం బేరగాళ్ల కోసం ఆఫీసు గదిలో రెండు కుర్చీలు తుడిచిపెట్టాను. గిట్టదన్నట్టు మొహం చిట్లించడం ఎలాగో అద్దంలో సాధన కూడా చేశాను. ఎవరూ రాలేదు. రేవులో కనబడ్డవాళ్లు ఎప్పట్లాగే గ్రూస్ గాట్ అని పలకరించి వెళ్లిపోయారు. ఆపై వారం ఉత్తరాలొచ్చాయి, రిజిస్టర్డ్ పోస్టులో, తొమ్మిది. ఇన్నేళ్లూ బాగా చూసుకున్నందుకు కృతజ్ఞతలు, వసంతానికల్లా చోటు ఖాళీ చేస్తున్నాం, నమస్కారం. ఇంతెందుకని ఒక్కరూ అడగలేదు. ఆ సాయంత్రం రూములో మా వరంగల్ అన్నకు (నాకంటే రెండేళ్లు ముందొచ్చిన సీనియర్) చెబితే, అన్నం కలుపుతున్నవాడు ఆపి నా వంక చూశాడు.

"అరే, గిది కోఠి అనుకున్నవా? ఈళ్లు బేరం చెయ్యర్రా. నచ్చకుంటె ఉత్తరం రాసి పోతరు, గంతే."

ఓమా దగ్గరికెళ్లి తప్పు ఒప్పుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఉత్తరాలన్నీ అంచులు కలిపి పేర్చి, "నాకు డబ్బాశ పుట్టిందనుకున్నారు వీళ్లు," అని మాత్రం అంది. రేవు పోతుందన్న భయం కంటే ఆ మాటకే నాకు ఏడుపొచ్చింది. (ఆ రోజు కూడా సూపు పోసింది, అదింకా ఘోరం.)

అయితే కోఠి విద్యలో రెండో సగం ఒకటుంది: వెళ్లిపోతున్నవాణ్ణి వెనక్కి పిలవడం. పదకొండు వందలని దిద్దిన కొత్త ఉత్తరాలు అందరికీ టైప్ చేసి, ఖాళీ చేస్తామన్న తొమ్మిది ఇళ్లూ సైకిలెక్కి తిరిగాను. తప్పు నాదనీ, మా ఊళ్లో మొదటి ధర ఎవరూ నమ్మరనీ, ఆవిడకు నిజంగా కావలసింది పదకొండు వందలేననీ వచ్చీరాని జర్మన్‌లో చెప్పుకున్నాను. ఒకాయన గుమ్మంలోనే నిలబెట్టి అంతా విని, మరి ఆ ధరే రాయొచ్చు కదా అనడిగాడు. ఏడుగురు ఉంటామన్నారు. మిగతా రెండు చోట్లూ వేసవికల్లా నిండాయి.

చివరగా, మా రేవులోనే పడవ ఉన్న పైపు తాత ఇంటికి వెళ్లాను. ఎప్పుడూ నోట్లో ఆరిపోయిన పైపుతో తిరిగే ఆయన ఖాళీ చేస్తాననలేదు, పద్నాలుగు వందలూ కట్టేశాడు. ఓమా పంపిన మూడు వందలు చేతికిచ్చి, మీకు ఎక్కువనిపించలేదా అని అడిగాను. ఎక్కువే అన్నాడు. ఏటా వేసవిలో డాన్యూబ్ దాకా వెళ్లే ప్రయాణం ఈసారికి మానుకుందామనుకున్నాడట.

"ఆమె అంత అడిగిందంటే అంత అవసరం పడిందనే కదా," అన్నాడు.

చదువయ్యాక నేను బ్లూ కార్డుతో (అక్కడ ఉద్యోగం చేసుకోవడానికిచ్చే అనుమతి) వాల్డార్ఫ్‌లో ఉద్యోగంలో చేరాక కూడా ఆ రేవు చాలా ఏళ్లు ఓమా చేతిలోనే ఉంది. పోయినసారి హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠిలో ఒక దుప్పటి ధర అడిగాను. ఎనిమిది వందలన్నాడు. అమ్మ చెయ్యి పట్టుకుని ఆపుతున్నా వినకుండా ఎనిమిది వందలూ తీసిచ్చాను. దుకాణమతను నోట్లు పట్టుకుని నా వంక చూశాడు. "గంతేనా సార్, ఏం అడగరా?" అన్నాడు చిన్నబోయి. కాసేపు తటపటాయించి, తనే రెండు వందలు తీసి నా చేతిలో పెట్టాడు. ఇంకో వంద తగ్గించేవాడురా అని అమ్మ దారంతా సణుగుతూనే ఉంది. నేను మాత్రం అద్దం ముందు మొహం చిట్లించుకుంటూ నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకున్నాను.