సంఘం గదిలో లేని మా అప్ప చెంబు

మా చిన్నప్పుడు క్యాంప్ 2లో మన సంఘం గదికి వెళ్తే, చచ్చిపోయిన మా వాళ్ళందరి పేర్లూ ఉండేవి... మా అప్ప పేరు తప్ప. అప్ప అంటే మా వైపు అక్క. ఈ మాట కమిటీవాళ్ళకు ఏళ్ళ తరబడి చెప్తున్నాను. వినేవాళ్ళు లేక ఇవాళ ఇక్కడ, మన సంఘం గ్రూపులో రాస్తున్నాను. నాకు చదువు తక్కువ. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఆ పేర్లు ఉండేది పుస్తకంలో కాదు... గిన్నెల మీద.

పాలకొండ, బొబ్బిలి వైపు నుంచి రాయపూర్ దగ్గర ఈ స్టీలు ప్లాంటు పనికి వచ్చినవాళ్ళు పెట్టుకున్న సంఘం అది. ఇంట్లో పెద్దవాళ్ళు పోతే వాళ్ళ పేరున ఒక గిన్నె ఇవ్వాలి. ఉన్నవాళ్ళు ఇత్తడి గుండిగ, లేనివాళ్ళు గరిటె. దాని మీద పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, ఊరు... చుక్కలు చుక్కలుగా కొట్టించేవారు. పెళ్ళిళ్ళకూ దినాలకూ ఆ గిన్నెలు అద్దెకు వెళ్ళేవి. ఆ అద్దెతోనే గది నడిచేది. సంబంధం కలుపుకునే ముందు రెండు వైపుల పెద్దలూ వచ్చి గిన్నెలు తిప్పి చూసుకునేవారు. ఎవరు ఎవరికి ఏమవుతారో అక్కడే తేలిపోయేది.

పిల్లలం మేమేం తక్కువ కాదు. "మీ తాత డేగిసా మా తాత గుండిగలో మునిగిపోద్దిరా" అని కొట్టుకునేవాళ్ళం.

పెళ్ళి అయిన మర్నాడు ఆడవాళ్ళు గది ముందు కుళాయి దగ్గర కూచుని చింతపండు, బూడిద పెట్టి తోమేవారు. తోమిన ప్రతి గిన్నె మీది పేరూ పైకి చదవాలి... అది మా ఆనవాయితీ. వాళ్ళలో చదువొచ్చినవాళ్ళు లేరు. అందుకని వాళ్ళతో తోముతూనే చదివేది మా అప్ప నూకాలు. నా వేలు పట్టుకుని ఆ చుక్కల మీద నడిపించేది. నాకొచ్చిన నాలుగు అక్షరాలూ అలా వచ్చినవే. ఆఖరి గిన్నె బోర్లించాక గట్టిగా అనేది, "అయిపోనాయమ్మా." అప్పుడే అందరూ లేచేవారు.

ఒక వానాకాలం అప్పకు జ్వరం వచ్చింది. తగ్గలేదు. పోయింది.

మా నాయన చిన్న ఇత్తడి చెంబు కొని, అప్ప పేరు కొట్టించి సంఘానికి పట్టుకెళ్ళాడు. నేను పక్కనే ఉన్నాను. అప్పటి సంఘం పెద్ద సూర్నారాయణ బాబు దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు.

"పెళ్ళికాని గుంట పేరెట్టిన చెంబు పెళ్ళి వంట కాడ పెడితే ఎవులు ముట్టుకుంటార్రా? పట్టుకెళిపో."

"ఆ గుంట తోమిన గిన్నెల్లోనే కదా బాబూ, ఇన్నాళ్ళూ మీరందరూ తిన్నారు" అన్నాడు నాయన.

నాయన చెంబును తువ్వాలులో చుట్టుకుని సైకిలెక్కాడు. ఆ తర్వాత బతికున్నన్నాళ్ళూ ఆ గిన్నెల్లో వండిన మెతుకు ముట్టలేదు.

మళ్ళీ ఒక పెళ్ళి వచ్చింది. మర్నాడు మళ్ళీ తోమారు. చదవడానికి వేరే పిల్లను కూచోబెట్టారు. ఆఖరి గిన్నె బోర్లించారు... ఎవరూ లేవలేదు. తడి చేతులతో అలాగే కూచున్నారు, ఏదో మిగిలిపోయినట్టు.

"ఇంకోటుందేటి?" అని ఒక ముసలమ్మ అడిగింది.

గది లోపల నుంచి వినబడింది... "ఉందమ్మా."

గదిలో ఎవరూ లేరు. పట్టపగలు. తలుపు బార్లా తీసి ఉంది. మా అమ్మ నా మొహం కేసి చూసింది, నేను అమ్మ మొహం కేసి చూశాను. మిగతావాళ్ళు విన్నారో లేదో మేము అడగలేదు.

దెయ్యాలూ గియ్యాలూ నేను నమ్మను. ఫర్నెస్ ముందు బతుకంతా నిలబడ్డవాణ్ణి. కానీ విన్నది విన్నాను.

ఇప్పుడు కేటరింగ్ వాళ్ళు గిన్నెలు వాళ్ళే తెచ్చుకుంటారు. మన గుండిగలు అద్దెకు పోవు. మన పిల్లలు తెలివైనవాళ్ళు, కాదనను... ప్రతి గిన్నెకూ ఫోటో తీసి, పేర్లు కలిపి, వంశవృక్షాలు చేసి ఫోన్లో పెట్టారు. రాయపూర్ నుంచీ, విశాఖ నుంచీ చూసినవాళ్ళు తాత పేరు దొరికిందని చందాలు పంపుతున్నారు. గది ఇప్పుడు వాటి మీద నడుస్తోంది. ఏటా పెద్దల అమావాస్య నాడు గిన్నెలన్నీ దింపి, తోమి, పేర్లు చదువుతున్నారు. మంచిదే.

మా ఇంటి కొమ్మ చూశాను. తాత ఉన్నాడు. నాయన, అమ్మ ఉన్నారు, వాళ్ళు పోయాక వాళ్ళ గిన్నెలు నేనే ఇచ్చాను. వాళ్ళ కింద నేనొక్కణ్ణే... ఒక్కణ్ణే పుట్టినట్టు.

సగం హిందీలో మాట్లాడే సెక్రటరీ కుర్రాణ్ణి అడిగాను. "దాదాజీ, బతికున్నవాళ్ళకి ఫోన్ నంబరు కావాలి, పోయినవాళ్ళకి బర్తన్ కావాలి. మీ దీదీకి రెండూ లేవు. నేనేం చెయ్యను?" అన్నాడు.

"బర్తన్ నా మంచం కింద ఉందిరా."

"సంఘంలో లేదు కదా. పాత రూలు. కమిటీలో పెడతాను."

పెడుతూనే ఉన్నాడు. కమిటీలు మారుతున్నాయి... చెంబు మంచం కిందే ఉంది.

నేను పోతే నా పేరున గరిటో గిన్నో ఎవరో ఇస్తారు. అప్ప పేరు చెప్పేదెవరు? అప్ప మొహం చూసినవాళ్ళలో నేనొక్కణ్ణే మిగిలాను. ఇప్పటికీ అమావాస్య నాడు ఆఖరి గిన్నె బోర్లించాక అందరూ ఫోన్లు తీసి ఫోటోలు దిగుతారు... నేను ఆ తలుపు కేసి చూస్తూ నిలబడతాను.

మా రోజుల్లో పేర్లు పెళ్ళిళ్ళకు వెళ్ళేవి, పప్పు, పులుసు మోసుకొచ్చేవి... ఇప్పుడు ఫోన్లో కూచున్నాయి. మీ ఇళ్ళల్లో కూడా గిన్నె లేకుండా పోయిన పిల్లలుంటే వాళ్ళ పేర్లు కింద రాయండి. కూడబలుక్కుని అయినా ఒక్కొక్కటీ పైకి చదువుతాను.

కమిటీవాళ్ళకు ఒకటే మాట. చెంబు తీసుకుంటారా... లేక మా తాత గుండిగ, నాయన డేగిసా, అమ్మ గంగాళం కూడా తిరిగి ఇచ్చేస్తారా? పెద్దల అమావాస్య ముందు రోజు పొద్దు గూకేలోగా నాకు జవాబు కావాలి. వాట్సాప్‌లో కాదు, ఇంటికొచ్చి చెప్పండి.

చెంబు తోమి ఉంచాను.