బుట్ట బోర్లించాక ధర

మా ఇంట్లో ధర అడిగే అలవాటు ఉండేది కాదు, ఇచ్చే అలవాటే ఉండేది. వడ్రంగి తలుపు బిగించి వెళ్ళేటప్పుడు అరుగు కింద నిలబడేవాడు. మా తాతగారు లోపలినుంచి డబ్బు తెప్పించి ఇచ్చేవారు. ఎంతని అతను అడిగేవాడు కాదు, చాలిందా అని తాతగారూ అడిగేవారు కాదు. ఒకసారి ఇచ్చాక దాని మీద రెండో మాట లేదు. తరవాత పొలాలు పోయాయి, ఇల్లు పోయింది, ఆ అరుగు రాళ్ళను కూడా ఎవరో బండి కట్టుకుని తీసుకుపోయారు. రెండో మాట లేకపోవడం మాత్రం నాకు మిగిలింది. ఎలక్ట్రీషియన్‌కి అది పనికొచ్చే ఆస్తి కాదని తెలియడానికి నాలుగు నెలలు పట్టింది.

ఐటీఐ చదివాక విజయనగరంలో ఒక కాంట్రాక్టరు దగ్గర తొమ్మిదేళ్ళు పనిచేశాను. భోగాపురం వైపు విమానాశ్రయం వస్తుందన్న మాట మొదలై, ఆ చుట్టుపక్కల మేడలు లేస్తున్న రోజులవి. పనికి కొదవ లేదు. ఒకరోజు ఇంటి యజమాని ఎదుట కాంట్రాక్టరు నన్ను "ఒరే" అన్నాడు. పనివాళ్ళందరినీ అలాగే పిలిచేవాడు, అందులో కోపం కూడా లేదు. నేను టెస్టరు జేబులో పెట్టుకుని బస్సెక్కాను. టెక్కలిలో ఒక గది అద్దెకు తీసుకుని సొంత బోర్డు పెట్టాను.

ఇంటి వైరింగులో పాయింట్ల లెక్క. లైటు ఒక పాయింటు, ఫ్యాను ఒక పాయింటు, ప్లగ్గు ఒక పాయింటు. పాయింటుకి ఇంత కూలి అని మాట్లాడుకుంటారు, సామాను ఇంటివాళ్ళు కొనుక్కుంటారు. ఏ కొట్లో కొనాలో ఎలక్ట్రీషియనే చెప్తాడు, ఆ కొట్టు అతనికి కమీషను ఇస్తుంది. కూలి తక్కువ చెప్పి కమీషనులో రాబట్టుకోవడం అందరికీ తెలిసిన పద్ధతే. నాకది కొట్టువాడి ముందు చేయి చాచడంలా ఉండేది. అందుకని సామానూ కూలీ కలిపి ఒకటే ధర చెప్పేవాణ్ణి. తగ్గించమంటే కొలత టేపు చుట్టేసి లేచిపోయేవాణ్ణి.

మొదట ఒక చర్చి హాలు పని పోయింది. కమిటీ పెద్దలు మర్యాదస్తులు, నాకు టీ కూడా ఇచ్చారు. "కొంచెం చూసి చెప్పండి" అన్నారు. "చూసే చెప్పానండి" అన్నాను. ఆ పని దక్కినవాడు నాకంటే పావువంతు ఎక్కువ చెప్పి, మూడు విడతల్లో నా ధర దగ్గరికే దిగాడని తరవాత విన్నాను. అతను దిగిన ధరలో వాళ్ళకొక గెలుపు ఉంది. నా ధరలో లేదు. ఇంకో మూడు ఇళ్ళు అలాగే పోయాయి.

నా భార్య ఒక్కసారే ఆ విషయం ఎత్తింది. "మీ తాతగారు కూర్చుని ఇచ్చేవారు. మీరు నిలబడి అడగాలి. రెండూ ఒకలా ఎలా ఉంటాయి?" అంది. ఆ వారమే కాంట్రాక్టరు ఫోను చేశాడు. "ఒరే, నెలాకరులోగా వస్తే రా. రోజు కూలికే మరి. తరవాత కాళీ ఉండదు." అప్పటికి గది అద్దె నా భార్య కుట్టుపని మీద నడుస్తోంది. నెలాఖరులోగా ఒక పూర్తి ఇంటి పని దొరికి, అందులో ఏదైనా మిగిలితే సరే, లేకపోతే వెళ్తానని ఆమెకు మాటిచ్చాను.

భావనపాడులో చేపల వ్యాపారం చేసే ఒకావిడ కొత్త ఇల్లు కడుతోందని తెలిసి వెళ్ళాను. ఆవిడకు యాభై దాటి ఉంటాయి. భర్త వేటకు వెళ్తాడు, ఒడ్డున చేప కొనడం, ఐసు వేసి లారీ ఎక్కించడం ఆవిడ పని. నేను రెండు అంతస్తులూ తిరిగి ఎనభై నాలుగు పాయింట్లు లెక్కపెట్టేదాకా వెనకాలే నడిచింది.

"అరవై రెండు వేలమ్మా" అన్నాను.

"ముప్పై అయిదుకి సెయ్యి."

"అరవై రెండే."

"ఒక్క రూపాయి తగ్గవా?"

"తగ్గను."

"ఇలాగైతే సేపలు అమ్మలేవు బాబూ."

"నేను చేపలు అమ్మనమ్మా."

"అమ్మలేవనే సెప్తన్నాను." నేను టేపు చుట్టడం చూసి నవ్వింది. "ఉండు, ఉండు. పెద్దింటోరి మనవడివట గదా. నీది ఒకటే మాటైతే నాదీ ఒకటే మాట. మద్దిలో రేటు పెంచకూడదు. సరేనా?"

సరేనన్నాను. అది షరతులా అనిపించలేదు, గౌరవంలా అనిపించింది.

గోడల్లో పైపులు వేయడం సగం అయ్యాక, పక్కనే ఉన్న ఆవిడ మరిది ఇంట్లో ఫ్రిజ్ షాకు కొడుతోందంటే చూడ్డానికి వెళ్ళాను. ఇల్లు కట్టి మూడేళ్ళే అయింది. వైరింగులో లోపమేమీ కనబడలేదు. చివరికి పెరట్లో ఎర్తు గొయ్యి తవ్వాను. ఎక్కడైనా కరెంటు లీకైతే మనిషి ఒంట్లోంచి కాకుండా నేలలోకి పోవడానికి ఆ గోతిలో ఒక ఇనప పైపు పాతుతారు. జానెడు లోతు దిగేసరికి పైపు లేదు. ఎర్రటి తుప్పు ఉంది, చేత్తో తీస్తే తడిసిన బిస్కట్టులా చితికింది. సముద్రపు నేల దాన్ని తినేసింది.

నేను అరవై రెండు వేలలో వేసుకున్నదీ ఆ ఇనప పైపే. నేను లెక్కలు నేర్చింది విజయనగరం మట్టి మీద. భావనపాడులో నిలబడి ధర చెప్తూ కూడా అదే లెక్క వేశాను. గోడలు చూశాను, నేల చూడలేదు. ఇక్కడ రాగి రేకులు పాతాలి, రెండు గోతులకు రెండు. అదనంగా పద్నాలుగు వేలు. ఆ ఇంట్లో నాకు మిగిలేదంతా దాదాపు అంతే.

ఇనప పైపు పాతి మట్టి కప్పితే మూడేళ్ళదాకా ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చింది, రాలేదని చెప్పను. రాగి రేకులు తెచ్చాను. నెలాఖరుకి వారం ఉంది. కాంట్రాక్టరు నంబరు ఫోనులో అలాగే ఉంది.

ఆవిడ రేకులు చూసింది. "రాగా? గుడి కడతన్నావేటి?"

సంగతి చెప్పాను.

"మరి దీని డబ్బులు?"

"ఒప్పుకున్న ధరలోనే."

"నీకేటి మిగుల్తాది?"

నేను రేకులు గోడవారగా సర్దాను. ఆవిడ రేకు ఒకటి ఎత్తి బరువు చూసి కింద పెట్టింది. "రేపు పొద్దున్నే ఒడ్డుకి రా" అంది.

వెళ్ళాను. పడవలు వచ్చి ఉన్నాయి. ఒకతను బుట్ట దింపి ధర చెప్పాడు. పైన నాలుగు పెద్ద చేపలు మెరుస్తున్నాయి. ఆవిడ ధర మాట ఎత్తలేదు. "బోర్లించు" అంది. ఇసక మీద బోర్లిస్తే పెద్దవి ఆ నాలుగే, కింద అంతా చిన్న రకం. అతను అప్పటికప్పుడు సగానికి దిగాడు. ముఖంలో ఏ మార్పూ లేదు. ఇంకో బుట్టలో అడుగున మంచి చేప ఉంది. ఆ మనిషి అంతే సులువుగా ధర పెంచాడు. ఆవిడ అందులోనూ కొంత లాగి, కొంది.

అప్పుడు నా వైపు తిరిగింది. "బుట్ట బోర్లించక ముందు సెప్పింది దరే కాదు ఇక్కడ. బోర్లించాక మారిస్తే మాట తప్పడం అనరు. నేనేదో అన్నానని నువ్వు నోరు కుట్టుకుంటే ఎలాగ? నీ బుట్ట బోర్లించావు గదా. ఇప్పుడు సెప్పు."

"మీరే చెప్పండమ్మా."

"నేనెందుకు సెప్తాను? సెప్తే ముప్పై అయిదు సెప్తాను."

పక్కన ఐసు కొడుతున్న ఆడవాళ్ళు నవ్వారు. నాకు మా అరుగు కింద నిలబడిన వడ్రంగి గుర్తొచ్చాడు. ఆ తలుపులో ఎక్కడో గట్టి ముడి తగిలి, అతనికి రెండు రోజులు ఎక్కువ పట్టి ఉండవచ్చు. పట్టిందో లేదో మాకు తెలియదు. మేం అడగలేదు, అడిగే వీలు అతనికి ఇవ్వలేదు. దాన్ని మేం మర్యాద అనుకున్నాం.

"డెబ్భై ఆరు" అన్నాను.

"డెబ్బై మూడు."

టేపు నా చేతిలో లేదు, చుట్టడానికి.

"డెబ్భై నాలుగున్నర" అన్నాను.

ఆవిడ అప్పటికే తరవాతి బుట్ట వైపు వంగింది. "సరే. రాగి పాతినప్పుడు నన్ను పిలు. అడుగు సూడాల" అంది.

మధ్యాహ్నం కాంట్రాక్టరుకి ఫోను చేసి రావడం లేదని చెప్పాను. "సరేరా" అన్నాడు. ఫోను పెట్టేశాకగాని ఆ "రా" అన్న పిలుపు నేను గమనించలేదు.

మూడో రోజు గోతులు తవ్వి ఆవిణ్ణి పిలిచాను. రేకు దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ వేయాలి, నేలలో తడి నిలవడానికి. నౌపడ ఉప్పు మళ్ళనుంచి ఒక బస్తా తెప్పించాను. ఆవిడ గట్టు మీద కూర్చుని అంతా చూసింది.

"ఉప్పు తినేసిందని రాగి తెచ్చావు. మళ్ళీ నువ్వే ఉప్పు పోస్తన్నావు."

"ఇనుమునైతే తింటుందమ్మా. రాగి తట్టుకుంటుంది."

"ఈ ఉప్పు డబ్బులు ఎవరివి?"

నేను బస్తా మూతి విప్పుతున్నాను. "నావే. బోర్లించాక చెప్పిన ధరలోవే" అన్నాను.